కుంకుమ బొట్టు నుంచి కుంకుమ బొట్టు దాకా

పెంచలయ్య చిన్నాయన ఇక లేడన్న వార్తను నాకు మొదట తెచ్చినవాడు జీపు శీనయ్య. కొండ పల్లెలకు సరుకులూ మనుషులనూ చేరవేసే ఆ జీపు ఉదయగిరిలో మా ఇంటి ముందు ఆగడం కొత్త కాదు. దారిన పోతూ హారను కొట్టి పలకరించి పోవడం అతని అలవాటు. ఆ ఉదయం హారను మోగలేదు. బండి దిగి, చెప్పులు విడిచి, వాకిట్లో నిలబడిపోయాడు.

"రత్నమ్మా, మేస్త్రి పొయినాడు. పొద్దున టీ తాగి, షెడ్డు తలుపు తీసి, కుర్చీలో కూసున్నోడు మళ్లా లెయ్యలేదంట. ఫోన్లో చెప్పేదానికి మనసు రాలా. అందుకే వచ్చినా."

పూజకు కోసిన నందివర్ధనాలు నా చేతిలోనే ఉన్నాయి. దిగ్భ్రాంతిలో వాటిని దేవుడి ముందు పెట్టాలన్న స్పృహ కూడా లేకపోయింది. అలాగే పట్టుకుని ఆ జీపులోనే ఆత్మకూరు వెళ్లి, ఆయన పాదాల దగ్గర ఉంచాను. భగవంతుడు తప్పుపట్టడనే నా నమ్మకం.

చిన్నాయన అంటున్నానే గాని ఆయన నాకు రక్తబంధువు కాదు. ఆత్మకూరులో మా పుట్టింటి పొట్టి పెరటిగోడకు ఆనుకుని ఆయన షెడ్డు ఉండేది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే జీపుల మరమ్మతులో ఆయనది అందె వేసిన చెయ్యి. కొండాపురం నుంచీ, జలదంకి నుంచీ కూడా బండ్లు వెతుక్కుంటూ వచ్చేవి. అక్షరాలు రావు; అంకెలు మాత్రం ముత్యాల్లా రాసేవాడు.

పసితనంలో జ్వరం వచ్చి నా ఎడమకాలు సన్నబడిపోయింది. బడి దూరం. మా నాయనే గురువై ఇంట్లో కూర్చోబెట్టి స్తోత్రాలూ, ఎక్కాలూ, పావు, అరపావు లెక్కలూ నోటికి నేర్పించాడు. ఆ విద్య దేవుడి గది గడప దాటుతుందని నేనూ అనుకోలేదు, ఆయనా అనుకోలేదు. దాటించిన పుణ్యాత్ముడు పెంచలయ్య చిన్నాయన.

ఒకనాడు గోడ అవతల నుంచి కేకేశాడు. "పాపా, ముప్పైతొమ్మిదిని ఎనిమిదితో భాగిస్తే ఎంత?"

"ఐదుకు అరపావు తక్కువ, చిన్నాయనా."

"అబ్బ! ఈ కాలిక్యులేటరు నాలుగు పక్కన చుక్క పెట్టి ఎనిమిది, ఏడు, ఐదు అని ఏందేందో చూపిస్తాండాది. నువ్వు చెప్పింది నా చేతికి ఎక్కినాది. గోడ దిగి ఇట్రా, షెడ్డు లెక్కల పుస్తకం నీకిస్తా."

ఆ లెక్క ఏమిటో అక్కడే బోధపరిచాడు. ఇంజను నుంచి వచ్చే షాఫ్టు చివర చిన్న పళ్ళ చక్రం ఉంటుంది, పినియను. అది ఇరుసు మధ్యనున్న పెద్ద పళ్ళ చక్రాన్ని, అంటే క్రౌనును తిప్పుతుంది. క్రౌను పళ్ళను పినియను పళ్ళతో భాగిస్తే, బండి చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలో తేలుతుంది. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ ఆ నిష్పత్తి ఒక్కటే కావాలి. "ఒక కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి బిరబిరా, ఇంకోటి నింపాదిగా పోతాంటే కాడి ఇరగదా పాపా?" అనేవాడు.

పళ్ళు ఎంచడానికి ఆయనదొక పద్ధతి. జిడ్డు మీద సుద్ద పట్టదు. అందుకని షెడ్డులోని నరసింహస్వామి పటం ముందున్న భరిణె తెచ్చి, తడి కుంకుమతో ఒక పన్నుకు బొట్టు పెట్టేవాడు. అక్కడ మొదలుపెట్టి, చక్రాన్ని తిప్పుతూ, బొట్టు మళ్ళీ వచ్చేదాకా ఎంచాలి. నా చేతికి పుస్తకం ఇచ్చాక ఎంచడమూ నా వంతే అయింది. పుస్తకం ముట్టుకునే ముందు ఆయన సబ్బుతో చేతులు కడుక్కునేవాడు. "మన పాప చదువు దీన్లో ఉండాది" అని వచ్చినవాళ్ళకు చెప్పేవాడు. ఆ మాట విన్న రోజు నేను అన్నం ఎలా తిన్నానో గుర్తులేదు.

అటువంటి పుస్తకాన్ని నేను పోగొట్టుకోవలసిన రోజొకటి వచ్చింది.

శీనయ్య జీపు వెనక క్రౌను పళ్ళు విరిగాయి. ముందు ఇరుసు లెక్క మా పుస్తకంలో ఉంది: ముప్పైతొమ్మిది, ఎనిమిది. అదే జోడీ అనుకుని పాత సామాన్లలో ఒకటి వెతికి తెచ్చాడు చిన్నాయన. మరునాడు ఆయుధపూజ. పూజ అయిన మర్నాటి ఉదయం నేను పళ్ళు ఎంచి, "ముప్పైతొమ్మిదే చిన్నాయనా" అన్నాను. పినియను పళ్ళు ఎనిమిది. సరిపోయింది. జోడీని వెనక ఇరుసులో అమర్చి మూత బిగించేశాడు.

చదును దారిలో జీపు బాగానే పోయింది. అక్కడ వెనక చక్రాలే లాగుతాయి గదా. కొండ ఏటవాలులో ముందు చక్రాల గేరు కూడా వేసేసరికి టైర్లు రాతిని గీరుకుంటూ, బండి కుదుపులు పడుతూ బిగుసుకుపోయింది. గేరు కడ్డీ లాగితే ఊడి రాదు. బండిలో ఒక పల్లెకు చేరవలసిన బోరు మోటారు ఉంది. చిన్నాయన కొండకు పోయి, బండిని జానెడు వెనక్కి జరిపించి, బిగువు వదలగానే గేరు తప్పించి, కిందికి దింపి షెడ్డుకు తెచ్చాడు.

శీనయ్య మండిపడుతున్నాడు. "బడి మొగం చూడని పిల్ల చేత పళ్ళు ఎంచిపిస్తే ఇట్నే ఉంటాది మేస్త్రీ! ఆడ పల్లెలో తాగేదానికి చుక్క నీళ్ళు లేవు. మోటారు చూస్తే నా బండిలో నిద్రపోతాండాది."

నేను పుస్తకం మూసి బల్ల మీద పెట్టేశాను. మళ్ళీ గోడ ఎక్కకూడదనుకున్నాను.

"నోరు మూసుకోని జాకీ ఎత్తు శీనా" అన్నాడు చిన్నాయన. వెనక ఒక చక్రాన్ని లేపించి, షాఫ్టు మీద గీత గీశాడు. "రెండో చక్రం నేల మింద కదలకుండా ఉండాది గదా. లేచిన చక్రం దాని వంతు కూడా తిరగాల. రెండు చుట్లు తిప్పు." శీనయ్య తిప్పాడు. షాఫ్టు ఐదు చుట్లకు అరపావు ముందే ఆగాలి. ఐదు దాటి ఇంకా పోయింది.

మూత విప్పి, నూనె తుడిచి, భరిణె నా చేతికిచ్చాడు. "పాపా, నువ్వే ఎంచు."

అందరూ చూస్తుండగా బొట్టు పెట్టి ఎంచాను. నలభైమూడు. అప్పుడు తోచింది. ఆయుధపూజ నాడు పనిముట్లన్నిటికీ బొట్లు పెడుతూ, ఆ క్రౌనుకూ భక్తిగా ఒక బొట్టు పెట్టాను. ఎంచడానికని చిన్నాయన పెట్టిన బొట్టు అప్పటికే నాలుగు పళ్ళ అవతల ఉంది. నేను ఒక బొట్టు దగ్గర మొదలుపెట్టి రెండో బొట్టు దగ్గర ఆగిపోయాను. నాలుగు పళ్ళు మిగిలిపోయాయి. రెండు బొట్లూ నూనెలో కరిగిపోయాయి కాబట్టి, నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఏడుస్తూ చెప్పేశాను.

చిన్నాయన పకపకా నవ్వాడు. "స్వామికి పెట్టిన బొట్టుకు ఏడుస్తారా ఎవురన్నా?" తర్వాత శీనయ్య వైపు తిరిగి నవ్వు మాని అన్నాడు: "రెండోసారి ఎంచకుండా మూత బిగించింది నేను. తిట్టేదుంటే నన్ను తిట్టు."

బల్ల మీది పుస్తకం తీసి, కొత్త పుటకు నడుమ నిలువుగా గీత గీసి నా ఒడిలో పెట్టాడు. "ఇకమీదట ఒక గడి నీది, ఒక గడి నాది. రెండూ ఒకటైతేనే మూత."

సరైన జోడీ దొరికింది. ఇద్దరం ఎంచాం. జీపు కొండెక్కింది, మోటారు చేరింది. నాలుగోనాడు శీనయ్య ఆ బోరు నీళ్ళు సీసాలో తెచ్చి మా గోడ మీద పెట్టి, "పూజకు వాడుకోమ్మా" అని వెనక్కి చూడకుండా పోయాడు. అంతకు మించిన క్షమాపణ నేను ఎరగను.

పెళ్ళయి ఉదయగిరికి వచ్చాక కూడా నా గడి ఖాళీగా ఉండనివ్వలేదు చిన్నాయన. తాను ముందు ఎంచి రాసుకునేవాడు. నా పూజ అయ్యే వేళకు ఫోను చేసి, చక్రం పక్కన పెట్టి, ఒక్కొక్క పన్ను మీద స్పానరుతో కొట్టేవాడు. టక్, టక్, టక్. ఇక్కడ నేను ఎంచేదాన్ని. "ఎంత?" అనేవాడు. నేను చెప్పేదాన్ని. "కలిసినాది" అని పెట్టేసేవాడు. క్షేమసమాచారాలు ఆ ఒక్క మాటలోనే ఉండేవి.

పెద్దకర్మ నాడు షెడ్డుకు వెళ్లాను. ఆయన శిష్యులు అన్నీ ఉన్నవి ఉన్నట్లే ఉంచారు. బల్ల మీద ఒక క్రౌను, దాని మీద ఎండిన బొట్టు. పక్కన పుస్తకం. ఆయన గడిలో నలభైమూడు. నా గడి ఖాళీ. నా పూజ అయ్యేదాకా ఆగుదామని కుర్చీలో కూర్చున్నాడన్నమాట.

స్పానరు తీసుకుని ఒక్కొక్క పన్ను మీద కొడుతూ ఎంచాను. నలభైమూడు. నా గడిలో రాశాను. 'కలిసినాది' అనే కంఠం ఇక ఈ లోకంలో వినపడదు. ఆ లోటు తీరేది కాదు. కానీ మూత బిగించమని శిష్యులకు చెప్పగలిగాను.

వాళ్ళు ఇంకో బండి క్రౌను తెచ్చి నా ముందు పెట్టారు. నేను ఎంచి రాసి, రెండో గడి చూస్తూ ఉండిపోయాను. గుమ్మంలో నిలబడి ఉన్న శీనయ్య వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి, గొంతుక్కూర్చున్నాడు.

"ఇట్టియ్యి రత్నమ్మా, నేను ఎంచుతా. బడి మొగం నేనూ సరిగా చూళ్ళేదులే."

ఎంచాడు. కలిసింది.

నా నేర్పుకు నన్ను మించి విలువ కట్టి, నా తప్పును తన తప్పుగా మోసిన ఆ మహానుభావుడి రుణం తీర్చుకునే శక్తి నాకు లేదు. ఆయనకు సద్గతి కలగాలని నిత్యం ప్రార్థిస్తాను. చదువరులకు నాదొక్కటే విన్నపం. మీరు ఏ పనిలోనైనా, సరిగానే ఉందనుకున్నదాన్ని ఇంకొక్కసారి ఎంచి చూసుకునేటప్పుడు, ఆత్మకూరు పెంచలయ్యను తలచుకోండి.