ఉప్పు చాయ్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన ఇప్పటికీ అంటాడు. ఉంటే ఉండనీ. ఆ కోపమే లేకపోతే ఆ పిల్ల చేత నోరు విప్పించేదాన్ని కాదు.

ఎనభైల మొదట్లో మేం దుబాయ్‌లో ఉండేవాళ్లం. మా ఆయన జెబెల్ అలీ రేవులో క్లర్కు. తెల్లారకుండానే కంపెనీ బస్సెక్కి పోయేవాడు. నేను అల్ కుసైస్‌లో, విల్లా అద్దెకు తీసుకుని నడిపే ఒక చిన్న బడిలో పాఠాలు చెప్పేదాన్ని. బుద్ధి నిదానమైన పిల్లలు, కాళ్లూ చేతులూ సరిగా కదలని పిల్లలు అక్కడికి వచ్చేవాళ్లు. అక్షరాలు, అంకెలు ఎవరికి వచ్చినంత వాళ్లకి. నేను పట్టుబట్టి నేర్పింది మాత్రం తనకేం కావాలో తానే చెప్పడం.

ఆ పిల్ల వాళ్లది నెల్లూరు. వాళ్ల నాన్నకు నైఫ్ బజారులో టైలరు షాపు. పదిహేడేళ్లు వచ్చినా ఆమెకు మాట ముద్దముద్దగా, ఒక్కొక్కటే వచ్చేది. ఏది అడిగినా ఒకటే జవాబు, "మీ ఇష్టం." ఎర్ర పెన్సిలు కావాలా, నీలమా? మీ ఇష్టం. ఆడుకుంటావా, కూర్చుంటావా? మీ ఇష్టం. "ఎంత బుద్ధిమంతురాలో చూడండి" అని వచ్చినవాళ్లంతా మెచ్చుకునేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు వాళ్లమ్మ బడికొచ్చి కళ్లు తుడుచుకుంది. "టీచరమ్మా, ఈ ఎండాకాలం పిల్లను నెల్లూరు పంపేసి, మా ఆడబిడ్డ దగ్గరే ఉంచేస్తారంట. ఇక్కడుండి అదేం చేస్తుంది అంటున్నాడు ఆయన."

"పిల్ల ఏమంది?"

"ఏమంటుంది? మీ ఇష్టం అంది."

పిల్ల అక్కడే ఉంది. తల దించుకుని గౌను గుండీ తిప్పుతోంది. శుక్రవారం షాపుకు తీసుకుపోతే గుండీల డబ్బా వదలదనీ, చొక్కాలకు గుండీలు కుట్టడం చూసి చూసి తనే నేర్చుకుందనీ వాళ్లమ్మే చెప్పింది. పోవడం ఇష్టం లేదని ఆ మొహం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. కానీ నేను వెళ్లి చెబితే ఏం లాభం? నిన్నటిదాకా నాన్న ఇష్టం, రేపట్నుంచి టీచరమ్మ ఇష్టం. అంతేగా!

మర్నాడు చాయ్ వేళ అడిగాను. "నీకు చక్కెర వేయనా, ఉప్పు వేయనా?"

"మీ ఇష్టం."

"నా ఇష్టమేగా, సరే!" అని చెంచాడు ఉప్పు కలిపి ఇచ్చాను. మొదటి గుక్కకే ఉమ్మేస్తుంది, అరుస్తుంది అనుకున్నాను. దేవుడా! కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నా గ్లాసు మొత్తం తాగేసింది. ఇన్నేళ్లలో ఇలాంటివి ఎన్ని మింగిందో తల్లి అనిపించి, వంటింట్లోకి పోయి ఏడ్చాను.

ఏడ్చి, మర్నాడు మళ్లీ ఉప్పే వేశాను. ఈసారి గ్లాసు పక్కకు జరిపింది. "చేత్తో కాదు, నోటితో చెప్పు" అన్నాను. వద్దు అనే మాట ఆమె నోట పలకలేదు. ఇంట్లో ఎప్పుడైనా అననిస్తేగా! చాలాసేపు వెతుక్కుని వెతుక్కుని, ఆ ఊళ్లో అందరి నోళ్లలో నలిగే మాట పట్టుకుంది.

"మాఫీ!"

అరబ్బీలో లేదు అని దానర్థం. దుబాయ్‌లో దిగిన ప్రతివాడూ కాదూ కూడదు అనడానికి మొదట నేర్చుకునేది అదే. అంటూనే గ్లాసు ఒక్క తోపు తోసింది. చాయ్ అంతా నా చీర మీద. ఆ తడి చీరతోనే ఆమె చేతులు పట్టుకుని గిరగిరా తిప్పాను.

వాళ్ల నాన్నను బడికి రమ్మంటే పనుందన్నాడు. రాకపోతే నేనే పోతాను, నాకేం భయమా? శుక్రవారం సాయంత్రం నైఫ్‌లో షాపుకే పోయాను. తల్లీకూతుళ్లు అక్కడే ఉన్నారు. పిల్ల ఒళ్లో గుండీల డబ్బా.

"అన్నా, నేనేమీ చెప్పను. పోతుందో లేదో పిల్లనే అడగండి" అన్నాను.

"దానికేం తెలుసమ్మా" అని నవ్వి, ఆయన కూతురి వైపు తిరిగాడు. "అమ్మీ, నెల్లూరు పోతావా, అత్త దగ్గరికి?"

"మాఫీ."

ఆయన మొహం కరిగిపోయింది. "చూశారా, పాపం, మాఫీ అడుగుతోంది! నువ్వేం తప్పు చేశావు తల్లీ, నిన్ను మాఫ్ చేయడానికి?" అని తల నిమిరాడు.

పొద్దంతా గిరాకీలతో మాఫీ, మాఫీ అనే మనిషి! బట్ట లేదన్నా మాఫీయే, టైము లేదన్నా మాఫీయే. అదే మాట కూతురి నోట వస్తే క్షమించమన్నట్టు వినబడింది. కాదనడం దానికి వచ్చని ఆయన కలలో కూడా అనుకోలేదు. "అయ్యా, అది ఆ మాఫీ కాదు" అని నా నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టుకున్నాను. ఇప్పుడు నేను నోరు తెరిస్తే ఆమె నోరు మళ్లీ మూతబడుతుంది.

పిల్ల నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

అప్పుడు నాన్న చెయ్యిని తన తల మీంచి తీసేసింది. "కాదు" అంది. "పోను. నా ఇష్టం."

మన ఇళ్లలో ఆడపిల్ల ఆ మాటంటే పొగరంటారు. "అయ్యో, అదేం మాటే!" అని వాళ్లమ్మ ఆమె నోరు మూయబోయింది. ఆయన చెయ్యెత్తి భార్యను ఆపాడు. ఎవరో కొత్త మనిషి షాపులోకి వచ్చినట్టు కూతుర్ని చూశాడు.

"మరి ఇక్కడుండి ఏం చేస్తావు?" ఈసారి నిజంగానే అడిగాడు.

ఆమె పక్కనున్న చొక్కా తీసి ఆయన ఒళ్లో పెట్టింది. "గుండీలు. నేను కుట్టా. రోజూ కుడతా."

ఆయన ఒక గుండీని పట్టుకుని గట్టిగా లాగాడు. ఊడలేదు. ఇంకోటి లాగాడు. అదీ ఊడలేదు. నిజం చెప్పొద్దూ, నైఫ్ బజారంతా వినేలా ఈల వేయాలనిపించింది నాకు.

"ఖలాస్" అన్నాడు భార్యతో. "టికెట్ మాట ఇంక ఎత్తొద్దు." వాళ్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుని అక్కడే కూలబడింది.

ఎదుటి కెఫెటేరియా మలబారీ అతను చాయ్ ఎన్ని అని అడగడానికి వచ్చాడు. ఎప్పుడూ అందరికీ తానే చెప్పేసే ఆ నాన్న, కూతురి వైపు తిరిగాడు. "నీకేం కావాలి అమ్మీ? చాయా, జ్యూసా?"

ఆమె నా చీర వైపు చూసి పకపకా నవ్వింది. "చాయ్. ఉప్పు మాఫీ."

మలబారీ అతను అర్థం కాక నిలబడిపోయాడు. ఆయన మాత్రం గట్టిగా నవ్వి, వీధంతా వినబడేలా కేకేశాడు.

"సునా నహీ క్యా భాయ్? నమక్ మాఫీ! యల్లా, జల్దీ!"