తొడ వెనక భయం

భద్రాచలం అవతల అడవిలోని ఒక ఊరి బడిలో నేను టీచర్‌గా పనిచేస్తున్న రోజులవి. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్నాయి గానీ ఆ దారిలో సిగ్నల్ ఉండేది కాదు. బస్సు దిగి మూడు కిలోమీటర్లు నడవాలి. ఆదివారాలు మాత్రం పట్నంలో తోటి టీచర్లతో ఖోఖో ఆడేదాన్ని.

ఒక ఆదివారం పరుగెత్తుతుంటే కుడి తొడ వెనక ఫట్‌మంది. అక్కడే కూలబడ్డాను. కండ కొద్దిగా చిరిగిందన్నాడు డాక్టరు. మూడు వారాలు సెలవు పెట్టాను. నొప్పి తగ్గింది గానీ కాలు బిగుసుకుపోయింది. మళ్లీ చిరుగుతుందేమోనని ఆటో ఎక్కాలన్నా భయమేసేది.

నేను కాలు చాపి ముందుకు వంగడం మా జట్టులోని పీఈటీ మేడం చూసింది.

"ఎంతసేపు ఉంటున్నవ్ గట్ల?"

"ఐదు లెక్కపెట్టే దాకా. ఇంకా ఉంటే తెగుతదేమోనని భయమైతుంది మేడం."

"ఐదుకు ఏం సాగుతది? ముప్పై లెక్కపెట్టు. గుంజినట్టుండాలె, నొయ్యొద్దు."

"రెండు నిమిషాలుంటే జల్దీ సాగదా?"

"ఆశకు పోకు. ముప్పై చాలు. రోజూ చెయ్యి."

ముప్పై అంత పొడుగని అప్పుడే తెలిసింది. పన్నెండుకే చెమట పట్టేది. అది నొప్పి కాదు, వట్టి భయం. సగంలోనే లేచిపోయిన రోజులు చాలా ఉన్నాయి.

మళ్లీ బడికి వెళ్తున్న రెండో వారం. ఇప్పపూలు రాలే కాలం. పొద్దున్నే నా ముందు ఒక అవ్వ గంపతో నడుస్తోంది. ఉన్నట్టుండి ఆగి, నాకు చెయ్యి అడ్డం పెట్టింది. చెట్టు కింద ఎలుగుబంటి పూలు తింటోంది. తలెత్తి మా వైపు చూసింది.

ముందుగా గుర్తొచ్చింది నా కాలే. ఉరికితే చిరుగుతుంది, చిరిగితే పడిపోతాను.

"ఉరకకు బిడ్డా," అంది అవ్వ గొంతు తగ్గించి. "మెల్లగ ఎనక్కి నడువు."

ఒక్కొక్క అడుగే వెనక్కి వేశాం. ఎలుగు తల దించి మళ్లీ పూల మీద పడింది. మలుపు తిరిగాక నేను నేల మీద కూర్చుని, తొడ పట్టుకుని ఏడ్చాను.

"కాలు నొస్తుందా?"

"లేదవ్వా," అన్నాను. నిజంగానే నొప్పి లేదు.

వానలు మొదలయ్యేసరికి వంగితే వేళ్లు పాదాలకు అందాయి. మేడం ఆటకు పిలిచింది. వెళ్లాను. తీరా పరుగెత్తాల్సి వచ్చేసరికి కాళ్లు కదల్లేదు. నిలబడ్డ చోటే ఔటయ్యాను. నాలుగో ఆదివారానికి గానీ ఉరకలేకపోయాను.