పదిమంది కూడితే తెరిచే సీసా

విజయనగరం కాంప్లెక్సులో ఉదయం ఆరింటికి శ్రీకాకుళం బస్సెక్కాను. చేతిసంచిలో పాస్‌పోర్టు, నీళ్ళ సీసా, వదిన కట్టిచ్చిన పులిహోర. మొహానికి రెండు మాస్కులు. జనం ఇల్లు కదలడానికే భయపడుతున్న ఆ ఏడాది ఆషాఢంలో చేసిన ప్రయాణం కాబట్టి, దారిలో చూడదగ్గ స్థలాలేమిటని నన్నడగకండి. నేను వెతుక్కుంటూ వెళ్ళింది ఒక సూదిని.

మస్కట్‌లో ఒక ఇండియన్ స్కూల్లో సంగీతం టీచర్ని నేను. కరోనా రెండో వేవ్ మొదట్లో అన్నయ్యకు బాగోలేదని ఫోనొస్తే ఒక్కదాన్నే వచ్చాను. వారం తిరక్కుండా విమానాలు ఆగిపోయాయి. ఇప్పుడు మళ్ళీ దారులు తెరుస్తామంటున్నారు, అదీ రెండు డోసులూ పడి, ఆపైన రెండు వారాలు దాటినవాళ్ళకే. నాకు పడింది ఒక్కటే. ఈ వారంలో రెండోది పడకపోతే స్కూలు తెరిచేనాటికి చేరలేను. చేరకపోతే ఉద్యోగం పోతుంది, దానితోపాటు వీసా.

అక్కడ మా ఆయన ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తారు. ఆయన డ్యూటీకి వెళ్తే ఏడేళ్ళ మా అమ్మాయి ఫ్లాట్లో ఒక్కతే ఉంటుంది. పక్కింటి మలయాళీ ఆవిడ మధ్యమధ్యలో తలుపు తట్టి చూసి వెళ్తుంది. జడ వేయడం చేతకాక వాళ్ళ నాన్న పిల్ల జుట్టు మెడ దాకా కత్తిరించేశారు. వీడియోలో ఆ తల చూసిన రోజు నవ్వుతూ మాట్లాడి, ఫోను పెట్టేశాక గదిలోకి పోయి ఏడ్చాను.

బస్సులో సగం సీట్లు ఖాళీ. కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన నా చేతిలో పాస్‌పోర్టు చూసి, "ఏ దేశం తల్లీ?" అన్నాడు. చెప్పాను. "మావోడు దుబాయిలో ఉన్నాడు. ఆళ్ళకి ఫోన్ సేసి మరీ పిలిసి ఏసినారట. ఇక్కడ మనం ఎతుక్కోవాల" అన్నాడు. ఈ మాట మా గల్ఫ్ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో రోజూ వినేదే. ఒకరు అక్కడి ఏర్పాట్లను మెచ్చుకుంటారు, ఒకరు ఇక్కడి ఆలస్యాన్ని తిడతారు, ఇంకొకరు జెండా బొమ్మ పెట్టి దేశాన్నేమీ అనొద్దంటారు. నేనూ తక్కువేం కాదు. తిట్టేవాళ్ళలో నా గొంతే పెద్దది.

ఎనిమిది కావస్తుండగా శ్రీకాకుళంలో దిగాను. ఆ గ్రూపులోనే పరిచయమైన అప్పన్న కాంప్లెక్సు బయట టీ తాగుతూ కనిపించాడు. రాజాం దగ్గర పల్లెటూరు. సౌదీలో వెల్డరు. వీసా గడువు ఈ నెలాఖరుతో సరి. ఇద్దరం ముందు పట్నంలో ఒక టీకా కేంద్రానికి వెళ్ళాం. గేటుకు 'స్టాకు లేదు' అన్న కాగితం అంటించి ఉంది. కాగితం చివర్లు వానకు తడిసి వంకర తిరిగాయి, అంటించి చాలా రోజులైనట్టుంది.

"ఏటి టీచరుగోరూ, అప్పుడే డీలా పడిపోనారా?" అన్నాడు అప్పన్న. "భావనపాడు కాడ పేటలో ఉన్నాదంట. బెస్తోళ్ళు ఏసుకోడం నేదు. సీసాలు అలాగే ఉన్నాయంట."

ఇడ్లీ తిని టెక్కలి బస్సెక్కాం. దారి పొడవునా ఊడ్పులు సాగుతున్నాయి. అప్పన్న బయటికి చూస్తూ తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు: "అక్కడ ముందు ఆలోళ్ళకి, ఆ తరవాత మనకి. సరే, ఆల దేశం. ఇక్కడికొస్తే, మీకేటి, బయటోళ్ళు, డబ్బున్నోళ్ళు అంతారు. మనకి సొంత వరసెక్కడున్నాదో తెలట్నేదు."

ఆ గ్రూపులో వందమంది వందరకాలుగా అరిచిన మాట ఇదేననిపించింది.

ఈ దారిన వెళ్ళేవాళ్ళకు చెబుతున్నాను, టెక్కలి నుంచి భావనపాడుకు షేరు ఆటోలు నిండితేగాని కదలవు. మాది నిండేసరికి పదిన్నర దాటింది. నౌపడ దగ్గర రోడ్డుకు అటూ ఇటూ ఉప్పు మడులు తెల్లగా మెరిశాయి. ఆ తర్వాత గాలిలో ఎండుచేపల వాసన మొదలైంది.

పేటలో ఆరోగ్య కేంద్రం రెండు గదుల భవనం. వరండాలో అప్పటికే ఇద్దరు అన్నదమ్ములు కూర్చుని ఉన్నారు. సోంపేట వైపు వాళ్ళు, ఖతార్‌లో క్రేన్ల పని. లోపల సిస్టర్ చిన్న ఐస్ డబ్బా ముందు కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి వేళ్ళు మడిచింది.

"నలుగురయ్యారు. ఉన్నది ఒక్క సీసా. తెరిస్తే నాలుగ్గంటల్లో అయిపోవాల, మిగిలితే పారబొయ్యాల. పది మంది కూడితేనే తెరుస్తాను. ముందే సెప్తన్నాను, ఇది పేటకిచ్చిన సీసా. పేటోళ్ళు వస్తే ముందు ఆలకే."

"పేటవాళ్ళు ఎందుకు రావటం లేదు?" అన్నాను.

"మీ వల్లే" అంది సిస్టర్, నవ్వకుండా. "ఎల్లి అడగండి."

ఆ మాట అర్థం కాకుండానే ఒడ్డుకు నడిచాను. వేట నిషేధం తీసేసి కొన్నాళ్ళే అయింది. ఏడుగురు ఆడవాళ్ళు ఇసకలో కూర్చుని చేపలు ఏరి బుట్టల్లోకి సర్దుతున్నారు. అందరిలోకి పెద్దామె పోలమ్మ. రోజూ ఒకే ఆటోలో టెక్కలి సంతకు వెళ్ళే జట్టు అది. నేను నా కష్టమంతా చెప్పుకున్నాను. విమానం, వీసా, స్కూలు, రెండు వారాల నిబంధన. వచ్చి సూది వేయించుకుంటే సీసా తెరుస్తారని బతిమాలాను.

పోలమ్మ చేతిలో పని ఆపలేదు. "అది ఇమానం ఎక్కినోళ్ళ సూది కదమ్మా. వారం నుండి పాస్‌పోటులు పట్టుకోని మీలాటోళ్ళే వస్తన్నారు. ఒకలు దుబాయంతారు, ఒకలు కతారంతారు. మేం ఎక్కేది పడవ. దానికి సూదెందుకు?"

సిస్టర్ మాట అప్పుడర్థమైంది. మా తొందర చూసే వీళ్ళు అది విదేశాలకు పోయేవాళ్ళ సూదని అనుకున్నారు. పరుగెత్తుకొచ్చి మా దారిని మేమే మూసేసుకున్నాం.

"కాదమ్మా, అది జబ్బు రాకుండా..." అని మొదలుపెట్టాను.

"మరి ఇంతసేపూ ఇమానం గురించే సెప్పినావు. జబ్బు గురించి ఒక్క ముక్క సెప్పినావా?"

చెప్పలేదు. ఆమెకే కాదు, ఎవరికీ చెప్పలేదు. మూణ్ణెల్లుగా నోరు తెరిస్తే టిక్కెట్టు, గడువు, సర్టిఫికెట్టు. ఇసకలో కూలబడ్డాను. మా అన్నయ్య గురించి మొదటిసారి బయటివాళ్ళకు చెప్పాను. వయొలిన్ వాయించేవాడని, ఇంటి వరండాలో పిల్లలకు నేర్పేవాడని, సూది మొదలైనప్పుడు "ముందు పెద్దవాళ్ళకు కానీ, నాకేం తొందర" అని వాయిదా వేశాడని, నేను దిగిన నాలుగో రోజున ఆస్పత్రి అద్దం అవతలి నుంచి చెయ్యి ఊపాడని. ఆ చెయ్యి ఊపడమే ఆఖరు. ఇంత దుఃఖం లోపల పెట్టుకుని నేను వీసా గురించి అరుస్తూ తిరుగుతున్నానా అని నాకే సిగ్గేసింది.

పోలమ్మ చేతులు కడుక్కుంది. "జొరం వస్తాదేటి?"

"ఒకటి రెండు రోజులు వస్తుంది. నాకూ వచ్చింది."

"ఒకలికొస్తే సంతకి బుట్ట దిగదు. ఏసుకుంటే ఏడుగురం ఒక్క మాటు ఏసుకోవాల, ఒక్క మాటే తొంగోవాల." మిగతావాళ్ళ వైపు తిరిగింది. "నెగండే."

ఏడుగురూ లేచారు. ఆ నడకలోనే లెక్క తెలిసింది. ఏడుగురు వాళ్ళు, నలుగురం మేము.

కేంద్రంలో సిస్టర్ కూడా అదే చెప్పింది. "ఒక్కో సీసాలో పదకొండోది కూడా వస్తాది. రాకపోనూ వచ్చు. ఆకర్న ఎవులు నిలబడతారో మీరే తేల్చుకోండి."

మేం నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం. అన్నదమ్ముల్లో పెద్దవాడు తన వీసా సంగతి ఎత్తాడు. నేను నా పిల్ల సంగతి ఎత్తాను. మాట పెరిగింది. వరసలో కూర్చున్న పోలమ్మ విసుక్కుంది. "మా పాళ్ళేసినట్టు ఏసుకోండి."

ఇక్కడ వేట పంచుకునేటప్పుడు చేపల్ని కుప్పలు పోసి, వాటాదారులు తలా ఒక వస్తువు ఇస్తారు. గవ్వో, గుండీయో, పుల్లో. ఏది ఎవరిదో చూడని మనిషి వాటిని కుప్పకొకటి వేస్తాడు. ఏ కుప్ప మీద ఎవరి వస్తువు పడితే అది వాళ్ళది. ఆ తర్వాత ఎవరూ నోరెత్తకూడదు. పోలమ్మ గోడవైపు తిరిగింది. ఒక బుట్టలో అన్నదమ్ములు ఒకరు తాళంచెవి, ఒకరు పెన్ను మూత వేశారు. నేను తలపిన్ను వేశాను. అప్పన్న చొక్కా గుండీ తెంపి వేశాడు. ఆమె బుట్టలో చెయ్యిపెట్టి ఒక్కొక్కటే తీసి, అదే వరస అన్నట్టు గట్టు మీద పెట్టింది. తాళంచెవి, తలపిన్ను, పెన్ను మూత. గుండీ బుట్టలోనే ఉండిపోయింది.

పన్నెండున్నరకు నాకు సూది పడింది. నొప్పి తెలియలేదు. నా వెనక పెన్ను మూత వాడు. ఆ తర్వాత అప్పన్న చొక్కా చెయ్యి మడిచి స్టూలు మీద కూర్చున్నాడు. సిస్టర్ సీసాను తలకిందులు చేసి, వేలితో తట్టి, మెల్లగా లాగింది. సిరంజిలో సగానికి వచ్చి ఆగింది. మళ్ళీ తట్టింది. ఇంక రాలేదు.

"సగం ఏస్తే లెక్కలోకి రాదు నాయనా" అంది. కొత్త స్టాకు ఎప్పుడొస్తుందో ఆమెకూ తెలియదు.

అప్పన్న చొక్కా చెయ్యి దించుకున్నాడు. "పర్నేదు సిస్టర్" అని బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

పులిహోర పొట్లం విప్పితే ఇద్దరం రెండేసి ముద్దలు తిన్నాం. నాలుగింటికి టెక్కలిలో శ్రీకాకుళం బస్సు దొరికింది. పక్కపక్కనే కూర్చున్నాం. నా భుజం సలుపు మొదలైంది, దాన్ని తడుముకోవడానికి కూడా మొహమాటంగా ఉంది. ఇన్నాళ్ళూ నాకు రావలసిందేదో ఎవరో దాచిపెట్టారన్న కోపంతో తిరిగాను. దాచినవాళ్ళెవరూ కనబడలేదు. ఒక చిన్న సీసా కనబడింది, దాని చుట్టూ పదకొండు మంది కనబడ్డారు. నాకు దక్కినందుకు సంతోషంగానే ఉంది, అబద్ధమెందుకు? ఆ సంతోషం పక్క సీటు వైపు చూడనివ్వటం లేదు, అంతే.

కోటబొమ్మాళి దాటాక ఫోను మోగింది. మా అమ్మాయి. "అమ్మా, సూది వేశారా?"

కిటికీ వైపు తిరిగి, అరచెయ్యి అడ్డం పెట్టుకుని, "వేశారమ్మా" అన్నాను, గొణుగుతున్నట్టు.

"ఏంటి? వినపడట్లేదు."

మళ్ళీ అన్నాను, అంతే మెల్లగా. పిల్ల మళ్ళీ అడిగింది. ఇంతలో అప్పన్న నా మోచేతిని తట్టాడు.

"గట్టిగా సెప్పండి టీచరుగోరూ. పాపకి ఇనపడాల."