అక్క ఊపిరికి తగిన వణుకు

మొన్న బుధవారం మా మందిరానికి కొత్త గిటారు యాంప్లిఫయర్ వచ్చింది. ధర్మవరంలో టీచరుగా పనిచేసే నా మేనకోడలు, మా అక్క కూతురు, దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. మిఠాయి డబ్బా అంతే ఉంటుంది, అందులో పాత రేడియోల్లో మాదిరి ఎర్రగా వెలిగే గాజు వాల్వులు లేవు, కాసేపటికి వేడెక్కి వచ్చే ఆ దుమ్ము వాసనా లేదు, అంతా కంప్యూటరు లెక్కలతోనే శబ్దాన్ని మారుస్తుందట. దాన్ని చూసినప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. మా పాత యాంప్లిఫయర్ డబ్బాలో పలికిన ఆ లోతైన వణుకు, ఈ కాలంవాళ్లు ట్రెమొలో అంటున్నది, ఇందులో వస్తుందా రాదా? శుక్రవారం వాన కోసం ఉపవాస ప్రార్థన ఉంది. ఆ వణుకు వస్తే అక్క పాడుతుంది, రాకపోతే ఈ ఏడు కూడా వెనక గోడకు ఆనుకుని కూర్చుండిపోతుంది.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మన పల్లె సంఘాల్లో పాటల పుస్తకం చదవగలిగినవాళ్లు చాలా తక్కువ. ముదిగుబ్బ రోడ్డు మీది మా చిన్న మందిరంలో కూలికి పోయి వచ్చినవాళ్లూ గొర్రెల్ని దొడ్డికి తోలి వచ్చినవాళ్లూ చాపల మీద కూర్చుంటే, అక్క లేచి ముందు ఒక చరణాన్ని ఒక్క ఊపిరిలో అందించేది, ఆ తర్వాత అందరం అదే చరణాన్ని ఎత్తుకునేవాళ్లం. ఆమె అందించేంతసేపూ నేను గిటారు మీద ఒకే స్వరాన్ని పట్టి ఉంచాలి. ఆ స్వరం నిలకడగా ఉండేది కాదు, పెరుగుతూ తరుగుతూ, నిద్రపోతున్న మనిషి రొమ్ములా ఊగేది, ఆ ఊపు మీద కాలు మోపి అక్క చరణం దాటేది. దేవుడు మట్టి బొమ్మ ముక్కులో ఊపిరి ఊదాడన్న వాక్యం పాదిరిగారు చదివినప్పుడల్లా నాకు ఆ శబ్దమే వినిపించేది, ఇప్పటికీ అంతే.

ఆ పాత డబ్బాను తయారుచేసింది బత్తలపల్లిలో రేడియోలు బాగుచేసే చాచా. మసీదులో నమాజు ముగించుకుని నేరుగా మా మందిరానికి వచ్చి, వెనక చెక్క విప్పి, నోట్లో స్క్రూలు పెట్టుకుని పనిచేసేవాడు. మొదట్లో ఆ వణుకు మరీ వేగంగా ఉండేది, అక్క చరణం సగంలో ఉండగానే స్వరం గబగబా కొట్టుకుని ఆమెను తరిమేది. ఆమె మొహమాటం లేకుండా, ‘చాచా, ఇది జ్వరమొచ్చిన దూడ మాదిరి వణుకుతాండాది, నా పాటకు చాలదు’ అనేసింది. చాచా ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి ఒక్కో చరణం చెప్పించుకుంటూ, వేగాన్ని పట్టి ఉంచే కండెన్సరును తీసి పెద్దది, అది కాదని ఇంకా పెద్దది అతికిస్తూ పోయాడు. ‘ఏమ్మా, నీ ఊపిరికి నా అంగట్లో కండెన్సర్లన్నీ అయిపోతాండాయే, నువ్వు మనిషివా, కొలిమి తిత్తివా?’ అని ఆయన అంటే, అక్క నవ్వాపుకోలేక చరణమే మరిచిపోయింది. చివరికి ఆ వణుకు అచ్చం ఆమె ఊపిరి కొలతకు వచ్చి ఆగింది. మా మందిరంలో ఎన్నో కరువుల్లో ఆ కొలత మీదే ప్రార్థించుకున్నాం.

తర్వాత చాచా పోయాడు, కొన్నేళ్లకు డబ్బా కూడా మూగబోయింది, దాన్ని విప్పి చూడగలిగినవాళ్లు దొరకలేదు. గోడ మీద తెర వచ్చింది, పాట అక్షరాలు దాని మీద కనబడుతుంటే అందరూ చూసి పాడుకోసాగారు, చరణం అందించేవాళ్లతో పనే లేకుండా పోయింది. అక్కకు చూపు కూడా మందగించింది. పాడమంటే, ‘ఆసరా లేకుండా యాడ కాలు పెట్టేదిరా?’ అని ఊరుకునేది.

అందుకే బుధవారం సాయంత్రం మేనకోడలూ నేనూ ఆ కొత్త డబ్బా ముందు పిల్లల్లా కూర్చున్నాం. వణుకు లోతు అన్న మరను పూర్తిగా తిప్పినా శబ్దం పైపైనే అదిరింది, కంచం మీద చినుకు పడ్డట్టు. వేగం తగ్గించాం, ఇంకా నీరసంగా అయింది. గురువారం పొద్దున ఆ పిల్ల సెల్‌ఫోనులో డబ్బా లోపలి వరస చూపించింది, ముందు వణుకు, దాని తర్వాత ప్రతిధ్వని, వరసగా గళ్లు కట్టినట్టున్నాయి. ఆ గళ్లు చూడగానే చాచా డబ్బా వెనక చెక్క నా కళ్లముందు విప్పుకుంది. అందులో ప్రతిధ్వని ఇచ్చే స్ప్రింగు ముందు, వణుకు దాని తర్వాత. మేం చేస్తున్నదేమిటంటే, వణుకు తెచ్చిన ఖాళీలన్నిటినీ వెనకొచ్చే ప్రతిధ్వనితో పూడ్చేస్తున్నాం, ఇక లోతు ఎక్కడి నుంచి వస్తుంది? గళ్లు తారుమారు చేయమన్నాను. ‘చేసినా మామా, వాయించు’ అంది. స్వరం పట్టాను, అంతే, కిటికీ రెక్కలు అదిరాయి, ప్రతిధ్వనితో సహా శబ్దమంతా ఒక్కటిగా పైకి లేచి ఒక్కటిగా కుంగింది. నా వయసు మరిచిపోయి స్తోత్రం చెబుతూ మందిరంలోనే గంతేశాను.

వెంటనే అక్కను పిలుచుకొచ్చాం. ఆమె గడపలోనే ఆగి విన్నది. వచ్చి డబ్బా పక్కన కూర్చుని చెంగు సర్దుకుని చరణం ఎత్తుకుంది, ఆ గొంతు విని ఎన్నేళ్లయిందో. కానీ చివరి మాట దగ్గర ఊపిరి తెగి దగ్గు వచ్చింది. మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ అక్కడే తెగింది. నేను తీగల మీంచి చెయ్యి తీశాను.

‘శబ్దం అదేరా తమ్ముడా,’ అంది అక్క, ‘ఊపిరే చాల్లేదు నాకు.’

నేను చెవిలో దాచుకున్న పాత వేగాన్ని పట్టుకొచ్చి పెట్టాను, అది పడుచు అక్క ఊపిరి. చాచా ఉంటే మళ్లీ ఎదురుగా కూర్చోబెట్టి కండెన్సరు మార్చి ఉండేవాడు. ఆ మాటే అంటే మేనకోడలు డబ్బా ముందువైపు కింద ఉన్న బటన్ చూపించింది.

‘అమ్మా, దీన్ని కాలితో తట్టు, నువ్వెట్ల తడితే అట్లనే ఊగుతాది.’

‘కాలితోనా? దేవుని మందిరంలో సామాన్ను కాలితో తంతారా యాడన్నా? ఏం చదువులే నీవి,’ అని కూతుర్ని కసిరి, అక్క చూపుడువేలితో తట్టింది. ఒక తట్టు, ఆగి ఇంకో తట్టు. స్వరం ఆమె వేలికి లొంగి, ముందటి కన్నా కొంచెం త్వరగా ఊగసాగింది. ఈసారి చరణం చివరిదాకా చేరింది.

శుక్రవారం తెర వెయ్యలేదు. ప్రవక్త తన పనివాణ్ణి వాన జాడ చూడమని మళ్లీ మళ్లీ కొండమీదికి పంపితే చివరికి అరచేయంత మబ్బు కనబడిన ఆ వాక్యం చదివాక, అక్క నేల మీద కూర్చుని, వేలు బటన్ మీద ఉంచి, ఒక్కో చరణం అందించింది. అలసట వచ్చినప్పుడు తట్టి వేగం పెంచుకుంది, తేరుకున్నాక తట్టి తగ్గించుకుంది. చరణం అందుకోవడం ఎరగని పడుచువాళ్లు మొదట తడబడి, తర్వాత మా కన్నా గట్టిగా అందుకున్నారు.

పాత డబ్బా వేగం ఒకసారి అతికిస్తే అతికించినట్టే ఉండేది, మేం కూడా అట్లాగే ఉంటామనుకున్న రోజులవి. ఇప్పటికీ నేను స్వరం పట్టినప్పుడు, కొత్త వణుకు కింద ఆ పాత నెమ్మది వణుకు నాకొక్కడికే వినబడుతుంటుంది. ప్రార్థన ముగిశాక మేనకోడలు, అమ్మ వేగాన్ని పేరు పెట్టి డబ్బాలో దాచేద్దాం మామా, ఇకమీద తట్టే పనుండదు అంది. వద్దన్నాను. వచ్చే ఏడు ఉపవాస ప్రార్థనకు అక్కే మళ్లీ వచ్చి, అప్పటి తన ఊపిరికి తగ్గట్టు తట్టాలి.