ఫుల్‌స్టాప్ సార్ పంచిన దేవుడి పుస్తకాలు

ఆ రోజుల్లో ఇంగ్లీషు రావడమంటే దేవుడు కనబడినంత పని. రెండూ ఉన్నాయని అందరూ చెప్పేవాళ్లే గాని, మా గల్లీలో కళ్లారా చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. ఎల్‌బీ నగర్ చౌరస్తా వెనక ఉన్న మా సర్కారు హైస్కూల్లో కొత్తగా ఇంగ్లీష్ మీడియం పెట్టారు. పెట్టారంటే, గేటు మీది బోర్డులో ఒక లైను పెరిగింది. లోపల అదే నల్లబల్ల, అవే బెంచీలు, అదే మేము. సైన్సు సారు పాఠమంతా తెలుగులో చెప్పి, పరీక్ష మాత్రం మీ తిప్పలు మీరు పడండని వదిలేసేవాడు. తొమ్మిదో తరగతికొచ్చేసరికి నాకొచ్చిన ఇంగ్లీషంతా ‘మే ఐ కమిన్ సార్’, ‘మే ఐ గో ఔట్ సార్’. రావడానికీ పోవడానికీ బాగానే సరిపోయేది. మధ్యలో కూర్చున్నంతసేపే ఇబ్బంది.

ఆ ఏడాదే మాకు కొత్త ఇంగ్లీషు సారు వచ్చాడు. ఆంధ్రా వైపు మనిషి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాడు. ఏం చెప్పినా చివర్న ‘ఫుల్‌స్టాప్’ అనడం ఆయన అలవాటు. ‘హోంవర్కు రాయనివాళ్లు బయటికి పోండి, ఫుల్‌స్టాప్’ అనేవాడు. దాంతో మొదటివారంలోనే పేరు పడిపోయింది. (ఆయన అసలు పేరు నాకిప్పటికీ తెలియదు. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం చూశాను గాని, అది సంతకమో వానపామో తేల్చుకోలేకపోయాను.) పాపం మనిషి మంచివాడే. దసరా దాటినా మాకు ఇంగ్లీషు పుస్తకాలు రాలేదు. పెద్ద మేడం రోజూ ‘వస్తున్నాయట’ అనేది. పుస్తకం లేకుండా ఏం చెప్పాలో తెలియక ఆయన పరేషానయ్యేవాడు.

అప్పట్లో మెట్రో పిల్లర్లు లేస్తున్నాయి. దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో దుమ్ములో నిలబడితే బస్సు రావడానికి అరగంట, మోక్షం రావడానికి అయిదు నిమిషాలు పట్టేది. ఒక పక్క తెల్లచొక్కాల బ్రదర్లు జేబులో పట్టే చిన్న పుస్తకాలు పంచేవాళ్లు. ఇంకో పక్క కాషాయం కండువాల వాళ్లు నున్నటి కాగితాల లావు పుస్తకాలు పట్టుకుని ‘ఒక్క నిమిషం ప్రభూ’ అంటూ వెంటపడేవాళ్లు. శుక్రవారమొస్తే వేరేవాళ్లు ఆకుపచ్చ అట్టలతో వచ్చేవాళ్లు. అన్నీ ఉచితమే, అన్నీ ఇంగ్లీషే. దిల్‌సుఖ్‌నగర్ అంటే కోచింగ్ సెంటర్లు గదా, చదువుకున్నవాళ్ల ఆత్మలు ఇంగ్లీషులోనే ఉంటాయని వాళ్ల లెక్క. మా సారు మూడు గుంపుల దగ్గరా భక్తిగా తలవంచి, తలా ఇరవై పుస్తకాలు తీసుకుని, సంచిలో వేసుకుని ఒక సోమవారం క్లాసుకొచ్చాడు.

‘ప్రభుత్వం ఇచ్చేదాకా దేవుడే దిక్కు,’ అని మొదలుపెట్టాడు. ‘తలా ఒకటి తీసుకోండి. రోజుకో పేజీ ఇంట్లో చదవాలి. నెలాఖరుకి అందులో ఏముందో లేచి చెప్పాలి.’

మేమందరం ఎవరి దేవుడి వైపు వాళ్లం చేతులు చాచాం. సారు ఆపేశాడు. ‘అలా కుదరదు. మీ ఇంటి దేవుడి కథ మీకు ముందే తెలుసు, బొమ్మలు చూసి చెప్పేస్తారు. తెలియని దేవుడైతే చచ్చినట్టు చదువుతారు. ఫుల్‌స్టాప్.’

అలా చర్చికి పోయే నాకు కాషాయం వాళ్ల లావు పుస్తకం వచ్చింది. నా పక్కన కూర్చునే పొట్లకాయకి (సన్నగా, పొడుగ్గా, కొసన కాస్త వంపుతో ఉండేది) బ్రదర్ల చిన్న పుస్తకం పడింది. పొట్లకాయ వాళ్లు ఇక్కడి పాత కాపుదనపు కుటుంబం. పెద్ద అంబర్‌పేట్ వైపు భూములుండేవి, వాళ్ల నాయిన వాటిని ప్లాట్లు చేసి అమ్మేవాడు. అంత ఉన్నవాళ్ల పిల్ల మా బడికెందుకొచ్చిందంటే, ప్రైవేటు బడిలో మేడం చెయ్యి కొరికిందట. అడిగితే ‘కొరకలే, పండ్లు తాకినయి అంతే’ అనేది. పుస్తకాలు మార్చుకుందామనుకున్నాం గాని, సారు ఎర్రపెన్నుతో లోపల మా పేర్లు రాసిపెట్టాడు. ఇక చేసేది లేక ఇద్దరం పేపరు అట్టలు వేసుకున్నాం.

మాది సూర్యాపేట వైపు ఊరు. నాయిన ఆటో నడిపేవాడు, అమ్మ దవాఖానలో ఆయా. సాయంత్రాలు ఇంట్లో నేను, నాయనమ్మ. నాయనమ్మకు చదువు రాదు గాని చదివేవాళ్లంటే ప్రాణం. మొదటిరోజే పట్టేసింది.

‘ఏం బుక్కు బిడ్డా అది?’

‘ఇంగ్లీష్‌ది నాయనమ్మా.’

‘ఏమున్నది దాంట్ల?’

‘దేవుని గురించి.’

ఇది అబద్ధం కాదు. ఏ దేవుడని ఆమె అడగలేదు. ఆమెకున్నది ఒక్కడే, ఆ ప్రశ్న ఎందుకొస్తుంది? చెంగు తల మీద కప్పుకుని, కాళ్లు ముడుచుకుని, ‘సదువు, ఇని తెలుగుల చెప్పు’ అని నా ముందు కూర్చుంది.

ఒక్క మాటలో నా పరిస్థితి చెప్పాలంటే, పేజీలో పది మాటలుంటే మూడు తెలుసు. కానీ నాయనమ్మ అలా చూస్తుంటే ‘నాకు రాదు’ అనడానికి నోరు రాలేదు. దేవుడు అన్నిచోట్లా ‘ప్రెజెంట్’ అని ఉంది. ఆ మాట నాకు బాగా తెలుసు, రోజూ హాజరుపట్టీ దగ్గర అనేదే. ‘దేవుడు అన్ని తావుల హాజరు చెప్తడు’ అన్నాను. ‘ఆమెన్,’ అంది నాయనమ్మ. ‘మీ తాత ఏనాడు పనికాడ గట్ల చెప్పలే.’ నాకు ధైర్యమొచ్చింది. రోజుకో పేజీ తర్జుమా చేసేశాను. తెలిసిన మూడు మాటల మధ్య గోడలు నేనే కట్టుకునేదాన్ని. నాయనమ్మ ప్రతి వాక్యానికీ ఆమెన్ అనేది. ‘మన చర్చి అయ్యగారు గూడ ఇంత సాఫుగ చెప్పడు’ అని మెచ్చుకునేది.

నాలుగో రోజో అయిదో రోజో ఒక వాక్యం తగిలింది. భక్తుడు ‘చికెన్-హార్టెడ్’ కాకూడదని. నాకు చికెన్ తెలుసు, హార్ట్ తెలుసు, నాట్ తెలుసు. ఒకే వాక్యంలో అన్ని తెలిసిన మాటలు రావడం అదే మొదటిసారి. గొంతు పెంచి చదివాను. ‘దేవుని బిడ్డలు కోడి గుండెకాయ తినొద్దు.’ (తినడమనే మాట అందులో ఎక్కడుందని మీరడగొచ్చు. కోడితో మనిషికి వేరే పనేముంటుంది?)

నాయనమ్మ ఆమెన్ అనలేదు. ఆదివారం కోడికూరలో గుండెకాయ, కందనకాయ ఆమె హక్కు. మా నాయిన కూడా ముట్టుకునేవాడు కాదు. ‘మల్లొకసారి సదువు’ అంది. మళ్లీ చదివాను. ‘గుండెకాయ ఒక్కటేనా, కందనకాయ గూడనా?’ అనడిగింది. పుస్తకంలో వెతికినట్టు నటించి, ‘గుండెకాయ ఒక్కటే’ అన్నాను. అంతటి దయ చూపించినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

అక్కడ పొట్లకాయ ఇంట్లో ఇంకో భాగోతం. దాని పుస్తకం అట్ట మీద ‘చింతకు అంతం’ అని అర్థమొచ్చే ఇంగ్లీషు మాటలున్నాయి. వర్రీ అనే మాటను అది వరల్డ్ అని చదువుకుంది. వాళ్ల తాత దగ్గర కూర్చుని, లోకం అంతమైపోతుందని అట్ట మీదే రాశారని చెప్పింది. ఆ తాత పేరు మీద మిగిలిన చివరి రెండెకరాలకు ఆ వారమే రిజిస్ట్రేషన్. సంతకం పెట్టమంటే తాత మంచం దిగలేదు. ‘లోకమే ఆగమైతుంటే ప్లాట్లేందిర? జర ఆగు’ అన్నాడట. వాళ్ల నాయిన మూడు వారాలు ఆగాడు. కొనేవాళ్లు తిరిగి తిరిగి విసిగిపోయారు. చివరికి వాళ్ల నాయిన ఆ పుస్తకం పేపరు అట్ట విప్పి చూశాడు, బ్రదర్లదని తేలింది.

మూడో ఆదివారం మా నాయనమ్మ చర్చిలో లేచి సాక్ష్యం చెప్పింది. మనవరాలు ఇంగ్లీషు గ్రంథం చదివి వినిపిస్తోందనీ, దేవుని మాట ప్రకారం తాను కోడి గుండెకాయ విడిచిపెట్టాననీ కళ్లనీళ్లతో చెప్పింది. వెనక వరస ముసలమ్మలు నలుగురు అక్కడికక్కడే విడిచిపెట్టేశారు. పాస్టరయ్యగారి ముఖం చిన్నబోయింది. ఆదివారం భోజనం ఆయనకు వంతులవారీగా మా ఇళ్లలోనే, ఈ లెక్కన ఇవాళ గుండెకాయ పోయింది, రేపు తొడ ముక్క ఉంటుందో లేదో. మర్నాడే మా ఇంటికొచ్చి పుస్తకం అడిగాడు. పేపరు అట్ట తీశాడు. కింద నున్నటి అట్ట మీద తామరపువ్వు, దాని మీద కళ్లు మూసుకున్న స్వామి. అయ్యగారు కూడా కాసేపు కళ్లు మూసుకున్నాడు.

మంగళవారం పెద్ద మేడం గదిలో కుర్చీలు చాలలేదు. ఒకవైపు అయ్యగారు, నాయిన, నాయనమ్మ. ఇంకోవైపు పొట్లకాయ నాయిన, తాత. మధ్యలో ఫుల్‌స్టాప్ సార్, ఆయన వెనక మేమిద్దరం. ‘సర్కారు బడిల మా పోరి మతం మారుస్తున్రా?’ అని పొట్లకాయ నాయిన. ‘మేమూ అదే అడగనీకొచ్చినం’ అని మా నాయిన. ఇద్దరూ ఒక్కటే మాట అనడంతో ఎవరు ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో అర్థం కాలేదు. పెద్ద మేడం సారు వైపు తిరిగి, ‘ఇది పై ఆఫీసుకు రాయాల్సొస్తది’ అంది. సారు చేతిలో చాక్‌పీసు విరిగింది. ఉద్యోగం కొత్త, ఊళ్లో తల్లీ చెల్లెళ్లు ఆయన మీదే ఉన్నారని మాకు తెలుసు.

‘ముందు ఆ పుస్తకాల్లో ఏముందో చూద్దాం మేడం,’ అన్నాడు సారు మెల్లగా. మా చేత ఆ పేజీలు చదివించాడు. నేను చదివాను, అర్థం చెప్పాను. సారు నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేను. ‘చికెన్-హార్టెడ్ అంటే పిరికివాడమ్మా,’ అన్నాడు. ‘కోడి గుండె గలవాడని. భక్తుడు పిరికివాడు కాకూడదు, అంతే.’ తర్వాత పొట్లకాయ చేత అట్ట చదివించాడు. వర్రీ దగ్గర ఆపి, అక్షరం అక్షరం పలికించాడు.

మొదట తేరుకున్నది పొట్లకాయ నాయిన. ‘తొమ్మిదో తరగతి పోరికి గీ రెండు మాటల తేడా తెల్వదా?’ అన్నాడు. మా నాయిన అందుకున్నాడు. ‘ఇంగ్లీష్ మీడియం అని బోర్డు పెట్టిన్రు గద సారూ, ఏం చెప్తున్రు మీరు?’ మతం సంగతి అక్కడితో పోయింది. సారు ముఖం అంతకుముందు కంటే పాలిపోయింది. మతం మార్చాడన్నా తట్టుకునేవాడేమో గాని, ఇది తట్టుకోలేకపోయాడు.

అయ్యగారు మాత్రం వదల్లేదు. ‘ఎట్లైనా అది మన గ్రంథం కాదమ్మా’ అన్నాడు నాయనమ్మతో. ఆమె చెంగు సర్దుకుంది. ‘కాకపోతేంది అయ్యగారూ? భయపడొద్దన్నది. మంచిమాటనే గద. ఈ సారును ఏమనకున్రి. ఆయన సదువుమన్నడు, మా పిల్లనే తప్పు సదివింది.’ అని నా నెత్తిన ఒక్కటి మొట్టింది. పొట్లకాయ తాత తలూపి, లోకం మునగదని రూఢి చేసుకున్నాక కొడుకు వైపు తిరిగాడు. ‘లోకం ఉంటదంటున్నరు. గట్లయితే భూమితోని పని ఉంటది గద. అమ్ముడెందుకు?’ అన్నాడు. ఆ రెండెకరాలు ఆయన ఉన్నన్నాళ్లూ అమ్మలేదు.

పై ఆఫీసుకు ఎవరూ ఏమీ రాయలేదు. పెద్ద మేడం దేవుళ్లందర్నీ ఒకే బీరువాలో పెట్టి తాళం వేసింది. సారు ఆ రోజు నుంచి బడి విడిచాక రోజూ గంటసేపు మమ్మల్ని కూర్చోబెట్టాడు. ఎండాకాలం వచ్చేదాకా ఒక్కరోజు మానలేదు. ఆ పై ఆదివారం నాయనమ్మ మూడు వారాల బాకీ తీర్చుకున్నట్టు గిన్నె ముందు కూర్చుంది. చర్చి ముసలమ్మలకు మాత్రం అసలు సంగతి చెప్పలేదు. ‘ఇడిసినోళ్లు ఇడిసిన్రు, మల్ల ఎందుకు పరేషాన్ చేసుడు’ అంది.

ఇప్పుడు నేను దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో స్పోకెన్ ఇంగ్లీష్ చెప్తున్నాను. మొన్న ఒక పిల్ల లేచి ఏదో మాటకు అర్థం అడిగింది. నాకు తెలిసిన మాటే. అయినా ఎందుకైనా మంచిదని ‘రేపు చెప్తా’ అన్నాను. ఇంటికెళ్లి రెండు డిక్షనరీలు చూశాను, ఫోన్లో ఒకసారి చూశాను, పొట్లకాయకు ఫోన్ చేసి అడిగాను. అప్పటికి గాని నమ్మకం కుదరలేదు. పదిలో మూడు మాటలతో పేజీలకు పేజీలు దడదడా చెప్పుకుపోయిన ఆ తొమ్మిదో తరగతి పిల్ల ఎక్కడికి పోయిందో తెలియదు. ఇంగ్లీషు వచ్చిందిగాని, దానితోపాటే ఆ పిల్ల వెళ్లిపోయింది. ఒక్క సాయంత్రం వచ్చి నా ముందు కూర్చుంటే బాగుండు, ఏం చదివినా నేను తప్పు దిద్దను.