వంతెన అల్లే ఓలిస్సె

మా ఆల్వీరలో ఇప్పుడు ఎల్ఫులకన్నా కిటికీలు ఎక్కువ. ఉన్నవాళ్ళలో సగం మంది ఊరొదిలి వెళ్ళిపోదామా అని ఆలోచిస్తున్నారు. మిగతా సగం ఆ ఆలోచన ఎప్పుడు మొదలుపెడదామా అని చూస్తున్నారు. ఉత్తరాన లేత అడవుల్లో మావాళ్ళు కొత్త ఊరు కట్టుకుంటున్నారని విన్ననాడే నేనూ మూట కట్టి గుమ్మంలో పెట్టాను. దాని మీద పిల్లులు తరతరాలుగా కాపురం చేస్తున్నాయి. చావు తొందరపెట్టని జాతిలో పుడితే వచ్చే రోగం ఇది. ఏ పనినైనా వాయిదా వేసుకోవడానికి మాకు బోలెడు కాలం ఉంటుంది.

ఇలాంటి ఊళ్ళో చేతులు ముడుచుకు కూర్చోకుండా బతికింది మా పక్కింటి ఓలిస్సె ఒక్కతే. పొడుగ్గా, ఎండుపుల్లలా ఉండేది. నోరు చెడ్డది. ఆవిడ కాచే నాచు పులుసు ఇంకా చెడ్డది. అయినా వాన పడ్డప్పుడల్లా గిన్నె పట్టుకుని వెళ్ళేవాణ్ణి, ఆవిడ తిట్లు వినకపోతే నాకు తోచేది కాదు.

"ఏం తమ్ముడూ, మూట కట్టావుగా, ఇంకా కదల్లేదే? దారి మర్చిపోయావా?" అనేది.

"నీ పులుసు కోసం ఆగానక్కా."

"అయితే ఇక ఈ జన్మకి వెళ్ళవు" అని ఇంకో గరిటె పోసేది.

ఆవిడ పని పెద్ద వంతెన. మా ఊరికీ లోకానికీ మధ్య ఒక లోయ ఉంది. దాని మీది వంతెన కట్టింది కాదు, పెంచింది. గట్ల మీది ముసలి చెట్ల వేర్లని బోలు కాడల్లోంచి నడిపించి, ఒకదానికొకటి కట్టి, అవతలి మట్టిలో పాతుకునేదాకా సాకాలి. వేరు లావెక్కుతుంటుంది కాబట్టి వానాకాలం ముందు ప్రతి కట్టునీ వదులు చేసి మళ్ళీ ముడెయ్యాలి. బిగిస్తే వేరుకి ఊపిరాడదు, వదిలేస్తే జారిపోతుంది. ఎంత బిగించాలో కంటికి తెలీదు, చేతికే తెలుస్తుంది. ఉప్పు, ధాన్యం, ఇనుము, అన్నీ ఆ వంతెన మీదుగానే రావాలి. అది కూలిననాడు ఆల్వీరలో మిగిలిన కాసిని పొయ్యిలూ ఆరిపోతాయి.

ఈ పనికి మాలో ఒక ఆచారం ఉంది. నేర్చుకునేవాళ్ళు ముందు ఒక వేరుని ఎంచుకుని, అది మొలిచిన దగ్గర్నుంచి అవతలి గట్టు చేరేదాకా పక్కన కూర్చుని చూడాలి. చెయ్యి తగలకూడదు. దాన్ని చూపు అంటాం. నలభై యాభై ఏళ్ళు పడుతుంది. ఓలిస్సె దగ్గర కెయ్‌రిల్ అనేవాడు అలాగే కూర్చుని, కూర్చుని, వేరు గట్టుకి జానెడు దూరంలో ఉండగా విసుగొచ్చి ఉత్తరానికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఇంకెవరూ రాలేదు.

ఇంతలో ఆవిడ చేతివేళ్ళు ఎండడం మొదలైంది. మాకు ముసలితనం అలాగే వస్తుంది. మొహం మీద ముడత పడదు, ఒంట్లో ఎక్కడో ఒకచోట చచ్చుబడుతుంది. మా ఊరి పెద్ద వైరోన్‌కి చెవులు పోయాయి. దానివల్ల ఎవరికీ నష్టం కలగలేదు, ముందునుంచీ ఆయన ఎవరి మాటా వినేవాడు కాదు. ఓలిస్సెకి మాత్రం చిటికెనవేలు పోయింది. ఆ రోజు నుంచి కొత్త వేరు నడపడం మానేసి, పాతవాటికే మాట్లు వేస్తూ వచ్చింది.

"కొత్తది గట్టు చేరేసరికి నాకు వేలంటూ మిగలదు. అప్పుడు దాని ముడి ఎవరు విప్పుతారు? పసిదాన్ని లోయ మధ్యలో వదిలేసి పోవడమేగా" అంది.

లోయ దిగువన గార్వ అనే మనుషుల ఊరు ఉంది. అక్కణ్ణుంచి వీపు మీద ఉప్పుమూటతో వచ్చేది బ్రాగా. గట్టి ఒళ్ళు, గుండ్రటి మొహం, మాటకన్నా ముందు నవ్వు. ఒకరోజు వంతెన మధ్యలో మూట దింపి, ఓలిస్సె ముడేస్తుంటే చూస్తూ నిలబడింది.

"అక్కా, ఇక్కడ అడుగేస్తే ఊగుతోంది. పోయినేడు ఊగలేదు."

"ఊగితే మెల్లగా నడు పిల్లా."

"నేను మెల్లగానే నడుస్తా, నా ఉప్పు నడవనివ్వదు. నాకు నేర్పకూడదా ఈ పని? మా ఊరంతా దీని మీదే బతుకుతోంది. మీవాళ్ళెవరూ రావట్లేదంటగా."

ఓలిస్సె ఆవిణ్ణి ఎగాదిగా చూసింది. తిట్టి పంపిస్తుందనుకున్నాను. "ఆలోచించి చెప్తా" అంది.

నిజంగానే ఆలోచించింది. నాకు తెలుసు, పులుసు తాగుతున్నంతసేపూ అదే గోల. మనుషుల చేతులకి వేడెక్కువ, వేరు ఓర్చుకుంటుందా? చూపు సంగతేంటి? వైరోన్ ఏమంటాడు? తొందరపడి చెడగొట్టకూడదని ప్రతిదీ నాలుగువైపులా తిప్పి చూసింది. బ్రాగా ఉప్పు తెచ్చినప్పుడల్లా "ఏమనుకున్నావక్కా?" అనేది. "ఆలోచిస్తున్నా పిల్లా" అనేది ఈవిడ. కొన్నాళ్ళకి బ్రాగా అడగడం మానేసి నవ్వి ఊరుకునేది. మర్యాద తెలిసిన మనిషి.

చివరికి ఓలిస్సె మనసు ఒక కొలిక్కి వచ్చింది. నేర్పుదామనే అనుకుంది. ఆ మాట చెప్పడానికి వంతెన దగ్గర కాచుకుంటే నేనూ పక్కనే ఉన్నాను. బ్రాగా వచ్చింది. మూట ఆవిడ వీపు మీద లేదు, వెనకాల కూతురు త్రూమా మోస్తోంది. బ్రాగా చేతిలో కర్ర ఉంది. తల ముగ్గుబుట్టయింది. ముందు పళ్ళు లేవు.

"పిల్లా, ఏమైంది నీకు? జబ్బు చేసిందా?" ఓలిస్సె కంగారుపడిపోయింది.

"జబ్బేం లేదక్కా. ముసలిదాన్నయ్యాను."

"అప్పుడేనా? మొన్ననేగా నువ్వొచ్చి అడిగింది!"

"ఆ మొన్న ఇదిగో ఈ త్రూమా నా కడుపులో ఉంది. ఇప్పుడు దీనికి ఇద్దరు పిల్లలు."

ఇలాంటి పొరపాటు మావాళ్ళే చెయ్యగలరు. ఎదుటివాళ్ళ బతుకంతా వాడేసుకుని కాసేపు ఆలోచించుకోగలరు. ఓలిస్సె మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇంటికెళ్ళి తలుపేసుకుని కొన్నేళ్ళు బాధపడుతుందనుకున్నాను, మాలో అది మామూలే. ఆవిడ ఆ పని చెయ్యలేదు. కర్ర లాగి పక్కన పడేసి, బ్రాగా చెయ్యి పట్టుకుని తిన్నగా తీసుకెళ్ళి ఒక వేరు మీద పెట్టింది. చూపూ లేదు, ఎవరి అనుమతీ లేదు.

"నొక్కు. తెలుస్తోందా?"

"కొట్టుకుంటోంది అక్కా. కడుపులో బిడ్డ కదిలినట్టుంది."

"అదే. ఇప్పుడు ముడి వదులు చెయ్యి. ఇంకా. ఇంకొంచెం. చాలు, చంపకు దాన్ని!"

సంగతి తెలిసి వైరోన్ పరిగెత్తుకొచ్చాడు. మా లెక్కలో పరుగు అన్నమాట, ఆకులు రాలాక వచ్చాడు.

"చూపు లేకుండా చెయ్యి తగలనిచ్చావా? చెట్టుకి ఎంత అవమానం!"

"చెట్టేం అనలేదు, నువ్వే అంటున్నావు."

"ఏంటీ?"

"ఏం లేదులే!"

"మరి మన ఆచారం ఏమైపోవాలి ఓలిస్సే?"

ఆవిడ ఆయన చెవి దగ్గరికంటా వెళ్ళి, "వంతెన కూలితే నీ ఆచారాన్ని ఎక్కడ నిలబెడతావయ్యా, గాల్లోనా?" అని అరిచింది. లోయంతా మారుమోగింది. వైరోన్‌కి కూడా వినబడింది. కాసేపు వంతెన మీద అటూ ఇటూ తిరిగి, బాగా అలిసిపోయినవాడిలా ఇంటికి వెళ్ళిపోయాడు. ఓలిస్సె మీద నాకు అంతకుముందు ప్రేమ ఉండేది, గౌరవం ఆ రోజు కలిగింది. తప్పు జరిగిందని తెలిశాక దిద్దుకోవడానికి మళ్ళీ కాలం తీసుకోనివాళ్ళని మా జాతిలో నేను ఆవిణ్ణి ఒక్కదాన్నే చూశాను.

బ్రాగా చేతులు తొందరగానే పట్టు తెచ్చుకున్నాయి. నోరు మాత్రం ఆగేది కాదు.

"అన్నీ మాట్లేనా అక్కా? కొత్త వేరు నడపవా?"

"అది గట్టు చేరేసరికి నా చేతులుండవే."

"నేనే ఉండను! అయితే ఏంటంట? మా నాన్న ఇంటి వెనక రేగుచెట్టు నాటాడు. ఆయన పూత కూడా చూళ్ళేదు. కాయలు నేను తిన్నా, త్రూమా తింది, ఊళ్ళో కోతులన్నీ తిన్నాయి. మేం చేసేవన్నీ సగం పనులే. మిగతా సగం ఎవరో చేస్తారు."

"ఎవరు?"

"ఏమో. అప్పుడున్నవాళ్ళు."

మాకిది కొత్త మాట. మొదలుపెట్టిన పని చివరిదాకా మేమే చూసుకునే జాతి మాది. చివర చూడలేమన్న అనుమానం వస్తే అసలు మొదలే పెట్టం. ఇన్ని కిటికీలు ఖాళీ అయింది అందుకేనేమో అని నాకు ఆ పూటే అనిపించింది. మర్నాడు పొద్దున ఆవిడ కొత్త బోలు కాడ చెక్కి తెచ్చింది. దారంలాంటి వేరుని అందులోకి ఎక్కించి, ఇద్దరూ కలిసి లోయ మీదకి సాగనంపారు.

తర్వాత ఓలిస్సె వేళ్ళు ఒక్కొక్కటే పోయాయి. ఆవిడ ఏడవలేదు, విసుక్కుంది. ఇక చేతులు బ్రాగావి, మాట ఓలిస్సెది. చూసేవాళ్ళకి ఒక ముసలమ్మా ఆవిడ మనవరాలూ వంతెన మీద కూర్చుని పోట్లాడుకుంటున్నట్టు ఉండేది. ముసలమ్మ "అక్కా" అనేది, మనవరాలు "పిల్లా" అనేది. నేను రొట్టెలు పట్టుకెళ్ళి, తినమని బతిమాలి, ఇద్దరిచేతా తిట్లు తిని వచ్చేవాణ్ణి. ఆ కాలం నా బతుకులో మంచి కాలం.

వానలు ముంచుకొస్తున్న రోజుల్లో త్రూమా ఒక్కతే వచ్చింది. ఉప్పు తేలేదు. "అమ్మ పోయిందండీ, నిన్న" అంది.

ఓలిస్సె తిన్నగా కొత్త వేరు దగ్గరికి వెళ్ళింది. అది అప్పటికి లోయ సగం దాటింది, చేతికర్రంత లావయింది. కట్లు బిగిసిపోయి ఉన్నాయి. ఆవిడ విప్పబోతే మొద్దుబారిన చేతులు జారిపోయాయి. నేను ప్రయత్నించాను, వేరు తోలు గీరుకుపోయింది. "వదిలెయ్ తమ్ముడూ, నీ వల్ల కాదు" అంది మెల్లగా. నన్ను తిట్టకపోవడంతోనే నాకు భయం వేసింది. వానలు మొదలైతే వేరు ఉబ్బుతుంది, తన కట్టే తనకి ఉరి అవుతుంది. పాతవాటి గతీ అంతే.

"పద, పిల్లని చూసొద్దాం" అంది ఓలిస్సె. వంతెన మీదే బతికింది కానీ అవతలి గట్టు నుంచి దిగువకి ఎప్పుడూ దిగలేదు. ఇద్దరం త్రూమా వెనకాల గార్వకి నడిచాం.

వాళ్ళ పద్ధతి ప్రకారం బ్రాగా గుండెల మీద దోసెడు ఉప్పు పోసి మట్టిలో దించారు. తర్వాత అందరికీ గింజల గంజి పెట్టారు. మేం అరుగు మీద కూర్చున్నాం. ఒక ముసలాయన పలకరింపుగా అడిగాడు, "మీకు బ్రాగా ఎన్నాళ్ళనుంచి తెలుసమ్మా?"

"ఇప్పుడిప్పుడే" అంది ఓలిస్సె. "ఇంకా సరిగ్గా మాట్లాడుకోనేలేదు."

త్రూమా గంజి గిన్నె కింద పెట్టి, "నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ మా అమ్మ మీ మాటే చెప్పేదండీ" అంది.

ఓలిస్సె తల పక్కకి తిప్పుకుంది. తిప్పుకుని అలాగే ఆగిపోయింది. నేనూ అటు చూశాను. సందుకి ఇటువైపు ఇంటి చూరు మీంచి అటువైపు చూరు మీదకి ఒక సొరతీగ నడిచి ఉంది. బోలు కాడలోంచి నడిచింది, కట్లున్నాయి. పక్కింటి మీంచి ఇంకోటి. ఆ పక్కన గుమ్మడి. సందు పొడుగునా ఇంటికీ ఇంటికీ మధ్య తీగలు అల్లి ఉన్నాయి.

"ఎవరు కట్టారివి?"

"అందరం" అంది త్రూమా. "అమ్మ మీ దగ్గర్నుంచి రాగానే మమ్మల్ని తీగల దగ్గర కూర్చోబెట్టేది. ముడి తప్పితే కర్రతో ఒక్కటిచ్చేది. నాకట్టే పొద్దు లేదు, తొందరగా నేర్చుకు చావండి అనేది. ఈ తాతని కూడా కొట్టింది."

"రెండుసార్లు" అన్నాడు ముసలాయన, గొప్పగా.

ఓలిస్సె లేచి తీగ దగ్గరికి వెళ్ళింది. వేళ్ళకి తెలియదు కాబట్టి కట్టు మీద చెంప ఆనించింది. చాలాసేపు అలాగే నిలబడింది. "సరిగ్గా ఉంది" అంది. "నాకన్నా కాస్త వదులు. అయినా సరిగ్గానే ఉంది. వంతెన మీదకి ఎప్పుడొస్తారు?"

"ఊరంతా మైల కదండీ" అంది త్రూమా. "చావు జరిగితే వారందాకా ఊళ్ళో ఎవరం ఏ పనికీ చెయ్యి పెట్టకూడదు. వారం కాగానే వచ్చేస్తాం."

"వారమా?" ఓలిస్సె ఇటు తిరిగింది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవాలని కూడా తెలియట్లేదు. "వారం అంటే ఎంత కాలమో తెలుసా తల్లీ నీకు? అంత కాలం నేనెలా ఆగను?"

త్రూమా ఆవిడ చేతులకేసి చూసింది. ఆకాశంకేసి చూసింది. తర్వాత ఇంట్లోకి వెళ్ళి, మైలలో కూర్చున్నవాళ్ళందర్నీ పేరుపేరునా లేపింది.