అరుగు మీద రొమాంటిక్ కవులు

మా అమ్మకు చదవడం రాదు. అందుకే నేను చదువుతున్నానో లేదో చెవులతో కనిపెట్టేది. నోరు మూసుకొని చదివితే ఆమె లెక్కలో అది నిద్ర. "సదువు ఇనబడాలె బిడ్డా" అనేది, చాటలో బీడీల తునికాకు కత్తిరిస్తూ. ఎనభైల్లో మా నిజామాబాద్ గల్లీలో చాలా ఇండ్లల్లో ఇదే పద్ధతి.

నేను వినిపించాల్సింది మాత్రం బీఏ ఇంగ్లీషు సాహిత్యం, రెస్టొరేషన్ నుంచి రొమాంటిక్ కాలం దాకా. ఆ పేపర్ అప్పటికే ఒకసారి తప్పాను. మళ్లీ తప్పితే గంజ్‌లో మామ పసుపు దుకాణంలో కూర్చోవాలని ఇంట్లో తీర్మానమైంది. మామ గద్ది మీద నాకు జాగా కూడా చేసి పెట్టాడు. నా మీద అంత నమ్మకం మా లెక్చరర్లకు కూడా ఉండేది కాదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక పక్కింటి అక్క, ఎదురింటి అవ్వ మా అరుగు మీదికి చేరి అమ్మతో పాటు బీడీలు చుట్టేవారు. మొదటి రోజు నేను గోడకు ఆనుకొని ఇంగ్లీషు ఎత్తుకున్నాను. పేజీ తిప్పకముందే అక్క దారం పక్కన పడేసింది.

"ఏందిరా గది, రేడియో ఖరాబైనట్టు? మాకు సమజయ్యేటట్టు చెప్పరాదు?"

చెప్పాను. పరాయి దేశంలో తలదాచుకున్న ఇంగ్లండు రాజు తిరిగొచ్చి, మూతపడ్డ నాటకశాలలు తెరిపించాడు. ఇక ఆ నాటకాల నిండా మొగుళ్ల కండ్లుగప్పే పెండ్లాలు, నెత్తిన విగ్గుతో అద్దం వదలని సోకుగాళ్లు. అరుగు కళకళలాడింది.

"మన కిరాణం సేటు కొడుకే" అంది అక్క.

"వానికి విగ్గొక్కటే తక్కువ" అంది అమ్మ.

రోజూ అవే అడిగేవారు కాబట్టి రెస్టొరేషన్ నాకు కంఠతా వచ్చేసింది. తర్వాతి వ్యంగ్య కవులూ గట్టెక్కారు. తిట్లు ఏ కాలంవైనా మా గల్లీకి అర్థమవుతాయి. చిక్కంతా రొమాంటిక్ కవులతోనే. కథ ఉండదు. కవి కొండెక్కుతాడు, పువ్వును చూస్తాడు, కండ్లనీళ్లు పెట్టుకుంటాడు.

"పని లేదా ఆయినకు?" అంది అక్క.

"పెండ్లయిందా?" అంది అమ్మ.

వినేవాళ్లు లేని యుగాన్ని నేనూ పక్కన పెట్టాను. పరీక్ష దగ్గర పడ్డాక భయం పుట్టి, ఒకరోజు మొండిగా అందుకున్నాను. ఊరు విడిచి పట్నంలో పడ్డ మనిషికి ఊరి వాగు లోపల పారుతూనే ఉంటుందని ఈ కవులు అంటారని చెప్పాను. అక్క ఆవులించింది. అవ్వ మాత్రం ఆకు సగం చుట్టి ఆగిపోయింది. ఆమె పుట్టిల్లు కందకుర్తి.

"గది నిజమే బిడ్డా. మంజీర అచ్చి గోదారిల కలిసేకాడ నీళ్లు రెండు తీర్ల కనబడ్తయి. కండ్లు మూస్తే ఇప్పటికీ అగుపడ్తది. బీడీలు చుట్టంగ చుట్టంగ నేను ఆడనే ఉంట."

"అందుకే నీ బీడీలు కార్ఖాన నుంచి వాపస్ అస్తున్నయ్" అంది అక్క.

"నువ్వు నోరు మూస్కో. పోరన్ని చెప్పనియ్యి."

ఆ తర్వాత పరీక్ష దాకా నాటకాలకు సెలవు. అవ్వ రోజూ ఆ కవులనే చెప్పించుకునేది.

పెద్ద ప్రశ్న రొమాంటిక్ కవుల మీదే వచ్చింది, ప్రకృతికీ జ్ఞాపకానికీ సంబంధం గురించి. విమర్శకుల మాట ఒక్కటీ గుర్తు రాలేదు. సగం చుట్టిన ఆకు పట్టుకొని ఆగిపోయిన మనిషి గుర్తొచ్చింది. కందకుర్తినీ బీడీలనూ తీసేసి అవ్వనే ఇంగ్లీషులో రాసేశాను. దిద్దినాయన ఆమెను ఇంగ్లండు మనిషనే అనుకొని ఉంటాడు.

పాసయ్యాను. మార్కుల సంగతి అడగనివాళ్లను ఇప్పటికీ గౌరవిస్తాను. మామ కాస్త నొచ్చుకొని, గద్ది మీదికి ఇంకో మేనల్లుణ్ని చూసుకున్నాడు. అమ్మ అరుగు మీద అందరికీ చక్కెర పెట్టింది. అక్క అది నోట్లో వేసుకొని నిట్టూర్చింది.

"తప్పితే ఇంకో యాడాది నాటకాలు ఇనొచ్చనుకున్న."

"పాసైతే ఏమాయె?" అంది అవ్వ. "సదువొద్దని ఎవలన్న అన్నరా? కూసోరా."

కూర్చున్నాను.